బలం – తగినంత

భ్రమరాంబ ఆ ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో రోటి ముందు కూర్చుని, దోసకాయ పచ్చడికి వేయించిన పోపూ చింతపండూ నూరుకుని, ఇక ఉప్పు వేద్దామని చెయ్యి చాచబోతున్న సమయానికి ఇంట్లో దొంగ పడ్డాడు. వాడు ఒక్క నిమిషం ఆగి, ఆవిడ ఉప్పు వేసుకున్నాక వచ్చి ఉంటే ప్రభుత్వానికి అంత శ్రమ ఉండేది కాదు.

పెరటి తలుపుని ఒక్క తన్ను తంతే గడియ ఊడింది. ఆ చప్పుడు రోటి చప్పుడులో కలిసిపోయింది. నడవలో పడక్కుర్చీలో అత్తగారు మాణిక్యాంబగారు కునుకు తీస్తోంది. ముందుగదిలో భర్త కోదండపాణి భోజనం చేసి పడుకుని గుర్రుపెడుతున్నాడు. "ఒసేవ్" అని అత్తగారు ఒక కేక వేస్తే కాఫీకి కాబోలనుకుంది భ్రమరాంబ. రెండో కేక సగంలో ఆగిపోయింది. ఆవిడ కేక సగంలో ఆగడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అందుకని చేతిలో పచ్చడి బండ చేతిలోనే ఉండగా భ్రమరాంబ నడవలోకి వచ్చింది.

ఎవడో కుర్రవాడు ఒక చేత్తో ముసలావిడ పీక నొక్కి పట్టుకుని రెండో చేత్తో మెడలో గొలుసు లాగుతున్నాడు. ఆవిడ కళ్ళు తేలేస్తోంది. భ్రమరాంబ ఏమీ ఆలోచించలేదు. వాడి జబ్బ మీద బండతో ఒక్కటి వేసింది. వాడు "అమ్మా" అని, ఎవరో కూర్చోమన్నట్టు, నేల మీద కూర్చున్నాడు.

మాణిక్యాంబగారు కాసేపు దగ్గి, మెడ తడుముకుని, గొలుసు ఉందని నిశ్చయించుకుని మొదట అన్న మాట ఇది: "ఆ బండ కడిగి మరీ నూరవే. వాడి చొక్కా ఎన్నాళ్ళై ఉతికాడో."

ఇరుగుపొరుగు పోగయ్యారు, పోలీసులు వచ్చారు. దొంగ పేరు సత్తిపండు అనీ, భుజం ఎముక చిట్లిందనీ తేలింది. ఆ వచ్చిన ఎస్సైగారు మంచివాడు. భ్రమరాంబని మెచ్చుకున్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళకి ప్రాణం మీదికి వచ్చినప్పుడు బలం వాడడానికి చట్టం హక్కు ఇచ్చిందని చెప్పాడు. ఆ తరవాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కాస్త ఇబ్బందిగా, "అయితే అమ్మా, తగినంతే వాడాలి" అన్నాడు.

ఎక్కువ వాడితే అది దాడి. ఆవిడ మీద కేసు. తక్కువ వాడి ముసలావిడకేమన్నా అయితే అది పెద్దల సంరక్షణలో నిర్లక్ష్యం. అదీ ఆవిడ మీదే. తగినంత అయితే ఏ బాధా లేదు.

"మరి ఇది తగినంతేనా అండీ?" అని అడిగింది భ్రమరాంబ.

"అది మేం చెప్పకూడదమ్మా. దానికి వేరే ఆఫీసుంది."

ఆ ఆఫీసువారు వచ్చి తేల్చేదాకా ఆవిడ ముద్దాయీ కాదు, నిర్దోషీ కాదు. పచ్చడి బండని తెల్లగుడ్డలో చుట్టి లక్క ముద్ర వేసి తీసుకుపోయారు. గడియ ఊడిన పెరటి తలుపు సాక్ష్యం కనక దాన్ని బాగుచేయించకూడదన్నారు. కనీసం తాడుతో కట్టుకోవచ్చా అంటే, తాడు కొత్త సాక్ష్యం అవుతుందన్నారు. మరి ఇంకో దొంగ వస్తేనో అని కోదండపాణి అడిగాడు. ఎస్సైగారు తలుపుకేసి కాసేపు చూసి, ఎవరు వచ్చినా తలుపుని మాత్రం తాకకుండా వచ్చేట్టు చూసుకోమన్నాడు.

కోదండపాణి సహకార సంఘంలో గుమాస్తా. అచ్చులో ఉన్న ప్రతి మాటా నిజమని నమ్మే మనిషి. దెబ్బ పడిన సమయంలో ఆయన ముందుగదిలో నిద్రపోతున్నాడని రాసుకున్నారు. తరవాత వచ్చిన కాగితాల్లో ఆయన్ని "గృహమందు లభ్యమై యుండి వినియోగింపబడని బలము" అని పేర్కొన్నారు. ఆయన దాన్ని చాలాసార్లు చదువుకున్నాడు. తనని ఎవరైనా బలం అనడం అదే మొదలు.

*

పచ్చడి బండ మీది ఎర్రటి మరకని రక్తం కాబోలని పరీక్షకు పంపారు. జవాబు వచ్చింది: ఎండుమిరపకాయ, ఆవాలు, మెంతులు, ఇంగువ, చింతపండు. రక్తం లేదు. ఉప్పు లేదు.

ఆ జవాబు చేతపట్టుకునే వచ్చాడు నిర్ధారణాధికారి విశ్వంభరంగారు. గృహాంతర బలప్రయోగ ప్రమాణ నిర్ధారణ కార్యాలయం ఆయనది. ఎర్రగా, నున్నగా, ఎప్పుడూ కడుపులో ఏదో మండుతున్నవాడిలా ఉంటాడు. భ్రమరాంబ మజ్జిగ ఇవ్వబోతే ఉప్పు వేయకుండా ఇమ్మన్నాడు. రక్తపోటు ఉందట. డాక్టరు మాన్పించినప్పటినుంచి ఉప్పు నాలిక మీద పెట్టి ఎరగనన్నాడు.

మజ్జిగ తాగి ఆయన విషయంలోకి దిగాడు. తగినంత అన్న మాట చట్టంలో ఉంది గాని దానికి నిర్వచనం ఎక్కడా లేదు. అందుకే ఆయన కార్యాలయమూ, దానికొక సంఘమూ వెలిశాయి. వారు తెలుగు అచ్చులో ఆ మాట ఎక్కడెక్కడ వాడుకలో ఉందో వెతికించారు. ఎక్కడ చూసినా వంటల పుస్తకాలే. ప్రతిచోటా దాని పక్కన ఉప్పు.

"కావున శాసనకర్తల ఉద్దేశము వంటశాల సంప్రదాయమే అయి యుండునని సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడినది" అన్నాడు విశ్వంభరంగారు. ఆయన మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ సంఘం పేరు వచ్చేసరికి ఇలా మారిపోతాడు. "ఇప్పుడు చెప్పండమ్మా. మీరు ఎంత బలం వాడారు?"

"చేతికి వచ్చినంత."

"అందులో సగం వాడితే చాలేది కాదా?"

"సగం దెబ్బ ఎలా కొడతారండీ?"

విశ్వంభరంగారి ముఖం వెలిగింది. సంఘం ఏర్పడిన నాటినుంచీ సరిగ్గా ఈ ప్రశ్న మీదే చర్చ నడుస్తోందట. సంచీలోంచి ఒక అట్ట తీసి గోడకి ఆనించాడు. దాని మీద మెట్లు గీసి ఉన్నాయి. మొదటి మెట్టు మీద నోరు. ఆ పైన వరసగా చీపురు, అట్లకాడ, అప్పడాల కర్ర, పచ్చడి బండ. అన్నిటికన్నా పైన రోకలి. దీన్ని బలసోపానం అంటారు. కింది మెట్టు చాలలేదని రుజువైతే గాని పై మెట్టు ఎక్కకూడదు. ఆవిడ ఒకేసారి పచ్చడి బండ దగ్గరికి గెంతింది.

పడక్కుర్చీలోంచి మాణిక్యాంబగారు అడిగింది. "ఇది చీపురూ అట్లకాడా వెతుక్కునేదాకా నా పీక వాడి చేతిలోనే ఉండాలా నాయనా?"

"ఉండి ఉంటే సాక్ష్యం చాలా బలపడేదండీ" అన్నాడాయన నిజంగా విచారిస్తూ. పైగా ప్రయోగశాల జవాబు ప్రకారం దెబ్బ పడే వేళకి బండకి ఉప్పు తగల్లేదు. అంటే ఆవిడ ఆనాటి పనిలో ఇంకా తగినంత అనే ఘట్టానికే చేరలేదన్నమాట. ఇది ఆవిడకి కొంత ప్రతికూలమే.

కోదండపాణి భయపడి, మరి ఇప్పుడు దెబ్బ తగినంతో కాదో ఎవరు చెప్పాలని అడిగాడు.

"ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చెబుతారు? వండినవాళ్ళా, తిన్నవాళ్ళా?"

"తిన్నవాళ్ళే."

"మరి దెబ్బ తిన్నదెవరు?" అని విశ్వంభరంగారు కుర్చీలో వెనక్కి వాలాడు. "మన భాష చాలా గొప్పదండీ. ఒకడు కొడతాడు, ఇంకొకడు తింటాడు. రుచి తిన్నవాడే చెప్పాలి."

ఆ రోజునుంచీ కాగితాల్లో సత్తిపండు దొంగ కాడు, భోక్త. భ్రమరాంబ ప్రయోక్త. మాణిక్యాంబగారు రక్షిత. భోక్తని ఊరికే అడిగితే వాడు నోటికొచ్చింది చెబుతాడు కనక, ఆ రోజు జరిగినదంతా మొదటి మెట్టునుంచీ మళ్ళీ జరిపించి, మెట్టు మెట్టుకీ అడగాలని నిర్ణయమైంది. రక్షిత ఆనాటి కుర్చీలోనే, ఆనాటి గొలుసుతోనే ఉండాలి.

*

పునఃప్రదర్శన రోజున మాణిక్యాంబగారు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి ఏదో సర్దుకుంటూ చాలాసేపు గడిపింది. తరవాత గొలుసు వేసుకుని వచ్చి పడక్కుర్చీలో కూర్చుంది.

సత్తిపండు ప్రభుత్వపు జీపులో దిగాడు. ఎడమ చేతికి కట్టు, నుదుట బొట్టు. వాడి కోసం జీపు తలుపు ఒక బంట్రోతు తీశాడు. తన అభిప్రాయం కోసం ఒక ఆఫీసు మొత్తం ఎదురుచూడడం వాడి జీవితంలో మొదటిసారి. అది వాడికి కొంచెం నచ్చింది కూడా.

"మామ్మగారూ, పీక పట్టుకోవచ్చాండి?" అన్నాడు వినయంగా.

"గోళ్ళు కత్తిరించుకొచ్చావా?" అంది ఆవిడ.

వాడు కుడిచేయి చూపించాడు. ఆవిడ చూసి సరేనంది. వాడు మెత్తగా పట్టుకున్నాడు. తాము ఆపమనేదాకా భోక్త చెయ్యి తీయరాదని విశ్వంభరంగారు ఆజ్ఞాపించాడు.

మొదటి మెట్టు నోరు. "ఎవరది?" అంది భ్రమరాంబ. సరిపోయిందా అని అధికారి అడిగాడు. లేదండి అన్నాడు సత్తిపండు. రాసుకున్నారు. రెండోది చీపురు. ఆవిడ వాడి వీపు మీద చీపురుతో వేసింది. సత్తిపండు కళ్ళు మూసుకుని ఆలోచించి, దుమ్ము పడింది గాని మనసు మారేంత లేదండి అన్నాడు. అదీ రాసుకున్నారు. మూడోది అట్లకాడ. ఆవిడ తెచ్చి పైకెత్తేసరికి విశ్వంభరంగారు ఆగమన్నాడు. అట్లకాడ కాల్చినదా, కాల్చనిదా? సోపానంలో లేదు. ఇది పై ఆఫీసుని అడిగి తెలుసుకోవలసిన సంగతి.

నడవలో సిగ్నల్ లేదు. ఆయన ముందుగదిలోకి, అక్కణ్ణించి అరుగు మీదికి, అక్కణ్ణించి వీధిలోకి వెళ్ళాడు. ఆయన వెనక ఎస్సైగారూ బంట్రోతూ వెళ్ళారు. ఈలోగా ఎవరికో టీలు కావలసివచ్చాయి.

నడవలో నలుగురు మిగిలారు. అత్తగారి పీక సత్తిపండు చేతిలో ఉంది. భ్రమరాంబ చేతిలో అట్లకాడ ఉంది. కోదండపాణి అట్ట పక్కన నిలబడి మెట్లు చదువుకుంటున్నాడు.

సత్తిపండు పెరటి తలుపుకేసి చూశాడు. అది ఆనాడు తను వదిలిపెట్టినట్టే ఉంది. వాడు కట్టు కట్టిన చేతి వేళ్ళతోనే గొలుసు కొక్కెం నెమ్మదిగా తీశాడు. భ్రమరాంబ అట్లకాడ ఎత్తింది.

కోదండపాణి గబుక్కున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టకు. అట్లకాడ ఇంకా మంజూరు కాలేదు."

ఆవిడ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. సత్తిపండు గొలుసు జేబులో వేసుకుని, మామ్మగారికి నమస్కారం పెట్టి, తలుపుని తాకకుండా ఒక పక్కకి ఒదిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

విశ్వంభరంగారు తిరిగి వచ్చి, కాల్చని అట్లకాడే వాడవలసిందిగా ఉత్తర్వు వచ్చిందని చెప్పి, భోక్త ఏడని అడిగాడు. చెప్పారు. ఆయనకి గొలుసు పోయిందన్న బాధ లేదు. మూడో మెట్టు రుచి చూడకుండానే భోక్త వెళ్ళిపోవడమే ఆయన్ని కుంగదీసింది.

వాళ్ళంతా వెళ్ళాక మాణిక్యాంబగారు కోడల్ని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది. పోయింది గిల్టుది. అసలుది వంటింట్లో ఉప్పు జాడీ అడుగున ఉంది. "మావాడికి చెప్పకు. చెబితే ఇప్పుడే చొక్కా వేసుకుని వెళ్ళి వాళ్ళకి చెప్పేసి వస్తాడు."

*

భోక్త లేడు కనక దెబ్బ తగినంత అని చెప్పేవాడు లేడు. చెప్పేవాడు లేనప్పుడు అధికమనే భావించాలి. అధికమైతే భ్రమరాంబ మీద కేసు నడుస్తుంది, జైలు ఉంటుంది. అయితే సంఘం దయతో ఇంకో దారి పెట్టింది. ప్రయోక్తకి తగినంత అనేది స్వభావసిద్ధంగా తెలుసునని రుజువైతే, ఆ రోజు దెబ్బ కూడా తగినంతే అనుకోవచ్చు. ఆ స్వభావం ఎక్కడ తెలుస్తుంది? ఉప్పు దగ్గర.

బంట్రోతు వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. ఎదురింటి సుభాషిణికి భ్రమరాంబ అంటే ప్రాణం. ఆవిడ మంచే చెప్పాలనుకుంది. భ్రమరాంబ చేతి వంట చాలా బాగుంటుందంది. ఉప్పు సంగతేమిటని అడిగాడు బంట్రోతు. అబద్ధం ఎందుకాడాలనుకుందో ఏమో, "మాకైతే బాగానే ఉంటుంది గాని, వాళ్ళ అత్తగారు మాత్రం దాని చేతికి ఉప్పు తెలీదంటుందండీ" అంది.

ఇక ఒకరి తరవాత ఒకరు అదే చెప్పారు. మాణిక్యాంబగారు ఆ మాట అనని చోటు ఆ వీధిలో లేదు. కూరలమ్మితో అంది, పురోహితుడితో అంది, కరెంటు మీటరు చూసేవాడితో కూడా అంది. భ్రమరాంబ కాపరానికి వచ్చిన మర్నాటినుంచీ పప్పులో ఎక్కువైతే పులుసులో తక్కువ, పులుసులో సరిపోతే పెరుగుపచ్చట్లో లేదు. నిజానికి ఆవిడ అలా అంటూనే ప్రతి మెతుకూ తినేది. అది కూడా వీధి వాళ్ళకి తెలుసు గాని బంట్రోతు ఆ సంగతి అడగలేదు.

నోటీసు వచ్చింది. "ప్రయోక్తకు తగినంత అను జ్ఞానము లేదని రక్షిత పలుమార్లు బహిరంగముగా ప్రకటించి యున్నందున" అని మొదలైంది. చివరి అవకాశంగా అధికారుల సమక్షంలో, అదే బండతో, అదే పచ్చడి నూరాలి. రక్షిత రుచి చూసి ప్రమాణపూర్వకంగా చెప్పాలి. తగినంత కాదంటే కేసు ముందుకు వెళుతుంది.

కోదండపాణి నోటీసు గట్టిగా చదివి, జైలుకి సొంత దుప్పటి తీసుకెళ్ళనిస్తారో లేదోనని తెలుసుకోవడానికి బయల్దేరాడు.

ఆ సాయంత్రం భ్రమరాంబ ముందుగానే వడ్డించింది. ఆ కంగారుకి చారులో ఉప్పు రెండుసార్లు పడిందని వడ్డించాక గుర్తొచ్చింది. అత్తగారు ఆ చారు కలుపుకుని, మంచినీళ్ళు తాగుతూ, మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కుంది. అప్పుడు భ్రమరాంబకి నిజంగా భయం వేసింది. పోలీసుల్ని చూసినప్పుడు కూడా అంత వేయలేదు.

ఆవిడ నోటినుంచి సరిపోయిందనే ఒక్క మాట కోసం భ్రమరాంబ కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఎదురుచూసేది. కొన్నేళ్ళకి ఎదురుచూడడం మానేసింది. ఇప్పుడు ఆ మాట ప్రభుత్వానికి కావలసివచ్చింది.

*

విచారణ రోజున విశ్వంభరంగారు పచ్చడి బండతో దిగాడు. లక్క పగలగొట్టి, కడిగించి, స్వయంగా రోటి పక్కన పెట్టాడు. ఆయనకీ ఎస్సైగారికీ వంటింటి గోడ పక్కన కుర్చీలు వేశారు. మాణిక్యాంబగారి పడక్కుర్చీ గుమ్మం దగ్గరికి జరిపారు. కోదండపాణి దుప్పటి మడతపెట్టి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. అనుమతిస్తారని తెలిసింది.

భ్రమరాంబ పోపు వేయించింది. చింతపండు నానబెట్టింది. నూరింది. ఆ చప్పుడు ఎన్నాళ్ళకో మళ్ళీ ఇంట్లో వినబడింది. ఆవిడకి ఒక క్షణం ఎదురుగా ఎవరూ లేనట్టే అనిపించి అలవాటు ప్రకారం ఉప్పు కోసం అలమరలోకి చెయ్యి పోనిచ్చింది.

జాడీ లేదు. అది ఉండే చోట తెల్లటి గుండ్రటి మరక ఉంది.

ఆవిడ అత్తగారికేసి చూసింది. అత్తగారు ఇంటి కప్పు చూస్తోంది. మొలలో ట్రంకు పెట్టె తాళంచెవి దోపి ఉంది. వంటింట్లోకి అధికారులు వస్తారని, జాడీలో చెయ్యి పెడతారని, ముసలావిడ తెల్లారేసరికి దాన్ని తన పెట్టెలో పెట్టి తాళం వేసేసింది. కోడలికి చెబుదామనుకునేలోపు జీపు వచ్చేసింది. ఇప్పుడు ఉప్పేదని అడిగితే జాడీ రావాలి. జాడీ వస్తే గొలుసు వస్తుంది. గొలుసు వస్తే ప్రభుత్వ ప్రదర్శనలో గిల్టు పెట్టి మోసం చేసిందని ముసలావిడ మీద ఇంకో కేసు.

"ప్రయోక్త ఇప్పుడు తగినంత ఉప్పు వేయవలెను" అన్నాడు విశ్వంభరంగారు కలం తీసి.

భ్రమరాంబ వీపు వాళ్ళవైపు తిప్పింది. ఖాళీ అలమరలో చెయ్యి పెట్టి, గుప్పిలి మూసి, రోటి మీదికి తెచ్చి, వేళ్ళు విప్పి, అంటుకున్న పలుకుల్ని రాల్చినట్టు బొటనవేలితో రాసింది. విశ్వంభరంగారు రాసుకున్నాడు: చేతితో, కొలత లేకుండా.

దోసకాయ ముక్కలు వేసి నాలుగు పోట్లు పొడిచి తీసింది. ఆకు వేసి, వేడన్నం పెట్టి, మధ్యలో పచ్చడి వేసి అత్తగారి ముందు పెట్టింది.

మాణిక్యాంబగారు నెయ్యి వేయించుకుంది. తొందరపడకుండా కలిపింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. భ్రమరాంబ ఆవిడ దవడనే చూస్తోంది. కోదండపాణి చంకలోని దుప్పటి జారి కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

ఆవిడ నమిలింది. మింగింది.

"తగినంత ఉంది" అంది.

కలం ఆగింది. గతంలో బహిరంగంగా చేసిన ప్రకటనల మాటేమిటని విశ్వంభరంగారు అడిగాడు.

"అత్తగారిని కదా నాయనా. ఏదో ఒకటి అనాలి. బాగుందంటే ఇక నాకేం పనుంటుంది ఇంట్లో?" అని ఇంకో ముద్ద పెట్టుకుంది. "ఇది కాపరానికొచ్చిన నాటినుంచీ తగినంతే వేస్తోంది. ఉప్పైనా, మరోటైనా."

ఈ వయసులో ముసలావిడ ఆ చప్పిడి పచ్చడితో ముద్ద తరవాత ముద్ద తింటూంటే భ్రమరాంబ చూడలేక రోటికేసి తిరిగి బండ తుడుస్తూ కూర్చుంది.

బంధువుల సాక్ష్యం చాలదని విశ్వంభరంగారు అనుమానం వ్యక్తం చేశాడు. తాను స్వయంగా రుచి చూస్తానన్నాడు. డాక్టరు సంగతేమిటని కోదండపాణి గుర్తుచేయబోతే, విధి నిర్వహణలో ఒక్క ముద్ద తింటే ప్రాణం పోదన్నాడు. భ్రమరాంబ తుడుస్తున్న బండ వదిలేసింది. ఆయన ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని, తనకి నిషిద్ధమైన వస్తువుని నాలిక మీద పెట్టుకోబోయే మనిషిలా ధైర్యం తెచ్చుకుని తిన్నాడు.

కళ్ళు తెరిచాడు. ఆ ముఖంలో మంట ఆరినట్టయింది.

"ఇన్నేళ్ళలో ఇంత సరిగ్గా పడిన ఉప్పు నేను తినలేదు" అన్నాడు. ఆయన ఇంట్లో వండేది కూడా అచ్చు ఇలాగే ఉంటుందట. ఒక్క పలుకు ఎక్కువ లేదు, ఒక్క పలుకు తక్కువ లేదు. ఇంకాస్త వేయించుకుని ఆకు నాకినంత పని చేశాడు.

ఎస్సైగారు తానూ ఒక ముద్ద చూస్తానని చెయ్యి చాచాడు.

"మీకు ఈ విషయంలో అధికార పరిధి లేదు" అని విశ్వంభరంగారు ఆయన చెయ్యి ఆపాడు.

అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. ఆ రోజు ప్రయోక్త వాడిన బలము తగినంత. కేసు లేదు. తలుపు బాగుచేయించుకోవచ్చు. పచ్చడి బండ మాత్రం తిరిగి ఇవ్వరు. దేశంలో తగినంత అని అధికారికంగా తేలిన వస్తువు అదొక్కటే కనక దాన్ని కార్యాలయంలో అద్దాల బీరువాలో ఉంచుతారు. ఇకమీదట ఎవరి ఇంట్లో ఏ దెబ్బ పడినా దాన్ని దీనితోనే పోల్చి చూస్తారు.

వెళుతూ వెళుతూ ఎస్సైగారు ఒక సంగతి చెప్పాడు. సత్తిపండు ఇప్పుడు స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడట. కాగితాల్లో దొంగ కాడు కనక పట్టుకోవడానికి లేదట. తనని ఎవరో ఘోరంగా మోసం చేశారని ఫిర్యాదు ఇస్తానంటాడు, తీరా ఏం మోసమంటే చెప్పడు.

"పాపం, కాలం అలా ఉంది" అంది మాణిక్యాంబగారు.

*

సాయంత్రానికి వడ్రంగి వచ్చి కొత్త గడియ బిగించాడు. మాణిక్యాంబగారు పెట్టె తాళం తీసి, గొలుసు దులిపి మెడలో వేసుకుని, ఉప్పు జాడీ తెచ్చి తెల్లటి మరక మీద సరిగ్గా పెట్టింది. కోదండపాణి దుప్పటి మంచం మీద పరిచాడు.

దోసకాయ ఇంకొకటి ఉంది. సుభాషిణి ఇంటినుంచి పచ్చడి బండ అరువు తెచ్చుకుని భ్రమరాంబ మళ్ళీ నూరింది. జాడీలో చెయ్యి పెట్టి, చూడకుండా, ఉప్పు తీసి వేసింది. పెరటి తలుపు గడియ వేసి వచ్చి అత్తగారికి వడ్డించింది.

మాణిక్యాంబగారు కలుపుకుని ఒక ముద్ద తింది. "ఉప్పు ఒక పలుకు ఎక్కువైనట్టుందే" అంది.

కోదండపాణి ఉలిక్కిపడి వీధి తలుపుకేసి చూశాడు. భ్రమరాంబ చూడలేదు. ఆవిడకి చాలా రోజుల తరవాత కడుపులో ఆకలి తెలిసింది.

"ఇంకాస్త పచ్చడి వెయ్యనా అత్తయ్యగారూ?"

"వెయ్యి."

"ఎంత వెయ్యను?"

"అదీ నేనే చెప్పాలా?" అని విసుక్కుంది మాణిక్యాంబగారు, ఆకు ముందుకి జరుపుతూ. "నీకు తెలీదూ. తగినంత వెయ్యి."